పెట్టె లేని ఫైర్‌వాల్

2016 జూన్ 6, సోమవారం

పొద్దున ఏడింటి నా బ్యాచ్‌కి నలుగురే విద్యార్థులు వచ్చారు. రాత్రి వాన పడింది కదా.

జూన్ 7

ముగ్గురు. ఈరోజు వాన లేదు గానీ నిన్నటి నీళ్లు ఇంకా రోడ్ల మీదే ఉన్నాయి. దానికి తోడు చౌరస్తాలో మెట్రో వాళ్ల తవ్వకం. పాపం పిల్లలు హాస్టళ్ల నుంచి ఎలా వస్తారు?

మా పై అంతస్తులో ఎవరిదో ఫ్రీ డెమో క్లాసు. మెట్ల మీద దాకా నిలబడ్డారు. వాళ్లకి వేరే దారి ఏదో ఉన్నట్టుంది.

జూన్ 9

మైత్రీవనం వెనక ఈ రెండు క్లాసు గదుల ఇన్‌స్టిట్యూట్ తెరిచిన నాటి నుంచీ ఓనర్ షంషేర్ భాయ్ ఏదైనా చెప్పాలంటే తనే నా గదికి వచ్చేవాడు. ఈరోజు నన్ను తన గదికి పిలిపించాడు. తను రంజాన్ రోజా ఉండి కూడా నాకు మాత్రం చాయ్ తెప్పించాడు. అప్పుడే అనుమానం వచ్చింది.

"సూర్యనారాయణ సార్, మీరంటే నాకు మస్తు ఇజ్జత్. కానీ గీ డబ్బాల జమానా పోతున్నది. పోరగాళ్లు వచ్చుడుతోనే వర్చువల్ ఉన్నదా అని అడుగుతున్నరు. జర సోంచాయించుండ్రి" అన్నాడు.

డబ్బా అంటే నా టేబుల్ మీది ఫైర్‌వాల్. పదహారేళ్లుగా నేను పాఠం చెబుతున్న వస్తువు. కంపెనీల కంప్యూటర్లలోకి దొంగలు రాకుండా కాపలా కాసేది. దాన్ని డబ్బా అన్నాడు. చాయ్ సగం వదిలేసి వచ్చాను. గమనించాడో లేదో.

వర్చువల్ ఫైర్‌వాల్ చెప్పడానికి సోమవారం నుంచి కొత్త టీచర్ వస్తోందట. పేరు ఇఫ్ఫత్. ఇల్లు మాసబ్ ట్యాంక్. మాదాపూర్‌లో ఏదో పెద్ద కంపెనీలో చేసి మానేసిందట. వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులు, దగ్గరుండి చూసుకోవడానికి వీలుగా ఈ ఉద్యోగమట.

వచ్చే వాళ్లని రానీ. నాకేం?

జూన్ 10

మా ఆవిడ అరుణ అడిగింది, వర్చువల్ అంటే ఏంటండీ అని. ఆడవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాను. "ఫైర్‌వాల్ అంటే గేటు దగ్గర వాచ్‌మన్. ఇన్నాళ్లూ ఆ వాచ్‌మన్‌కి సొంత పెట్టె ఉండేది. ఇప్పుడు పెట్టె తీసేసి, లోపలి ప్రోగ్రామ్ ఒక్కటీ తెచ్చి, ఆఫీసులో ఉన్న పెద్ద సర్వర్‌లోనే ఓ మూల కూర్చోబెడతారు. ఎక్కడో అద్దెకి తీసుకున్న సర్వర్‌లో కూర్చోబెడితే అది క్లౌడ్."

"అంటే వాచ్‌మన్ గది పడగొట్టేసి మన హాల్లోనే మంచం వేశారన్నమాట" అంది కూర తరుగుతూ.

అలా కాదు అన్నాను. స్నానం చేస్తూ ఆలోచిస్తే అలాగే అనిపించింది. వచ్చి చెప్పాల్సినంత విషయం కాదు.

జూన్ 13

ఆ అమ్మాయి వచ్చింది. ముప్ఫై లోపే ఉంటుంది. నన్ను చూడగానే నమస్తే సార్ అంది. మర్యాద తెలిసిన పిల్లే. సబ్జెక్ట్ సంగతి తెలియదు.

ఆమె గదిలో కుర్చీలు చాలక నా గదిలోవి తీసుకెళ్లారు. నాకు ఎలాగూ మిగులుతున్నాయి అన్నాడు ఆఫీస్ కుర్రాడు. మిగలడం కాదు, నేను విశాలంగా కూర్చోబెడతాను.

జూన్ 15

ఇఫ్ఫత్ గదిలో ప్రొజెక్టర్ సరిగ్గా పనిచేయడం లేదని విన్నాను. సీనియర్‌ని కాబట్టి చూసి రావాలి. వెనక బెంచీలో కూర్చుని గంటన్నర సేపు చూశాను. ప్రొజెక్టర్ బాగానే ఉంది.

జూన్ 16

ఒకసారి చూసి ప్రొజెక్టర్ గురించి ఏమీ చెప్పలేం. మళ్లీ కూర్చున్నాను.

ఆమెకి ఎంత తెలుసో చూద్దామని ఒక ప్రశ్న వేశాను: సర్వర్ మొత్తం కూలిపోతే దాని లోపలి ఫైర్‌వాల్ గతేంటి? మంచి ప్రశ్న సార్ అని, రెండు సర్వర్ల మీద జంటగా ఎలా పెడతారో బోర్డు మీద బొమ్మ గీసి చూపించింది. చేతిరాత బాగాలేదు.

బొమ్మ ఎత్తి రాసుకున్నాను. తర్వాత తప్పులు పట్టడానికి పనికొస్తుంది.

జూన్ 17

ఈరోజు లైసెన్స్‌ల పాఠం. లైసెన్స్ గురించి నాకు ఒకరు చెప్పేదేముంది? ఫైర్‌వాల్ కొంటాం, వెనకాల స్టిక్కర్ మీద నంబర్ ఉంటుంది, ఆ నంబర్‌కి లైసెన్స్ కడతాం. ఎన్నిసార్లు చేయలేదు. కిందికి వెళ్లి మిర్చి బజ్జీ తిని, పాఠం అయ్యాక వచ్చాను.

జూన్ 20

షంషేర్ భాయ్‌కి ఒక పని దొరికింది. పంజాగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్. రక్త పరీక్షలు, స్కానింగులు చేస్తారు. అక్కడి మేనేజర్ నర్సింహులు ఈయనకి పాత దోస్తు. పేషెంట్ల రిపోర్టులు క్లౌడ్‌లో పెట్టాలట. సెంటర్‌లోని సర్వర్ మీద ఒక వర్చువల్ ఫైర్‌వాల్, క్లౌడ్‌లో ఒకటి పెట్టి, రెంటికీ మధ్య భద్రంగా దారి వేయాలి. పనికి పని, పిల్లలకి చూపించుకోవడానికి రియల్ టైమ్ ప్రాజెక్ట్.

ఇఫ్ఫత్‌కి ఇద్దామనుకున్నాడట. నేను అడగలేదు. ఆ సమయంలో ఆయన గదిలో నిలబడి ఉన్నానంతే. ఆయనే నా మొహం చూసి, సగం మీరు చేయుండ్రి సార్ అన్నాడు.

క్లౌడ్ వైపుది గంటల లెక్కన అద్దె లైసెన్స్, అది ఇఫ్ఫత్ చూస్తుంది. సెంటర్ సర్వర్ మీదది కొన్న లైసెన్స్. అది నాది.

జూన్ 26, ఆదివారం

చేశాను.

ఒక్కడినే చేశాను. ఫైల్ దించుకున్నాను, సర్వర్‌లో ఎక్కించాను, మెయిల్‌లో వచ్చిన కోడ్ కొట్టాను, లైసెన్స్ పడింది. క్లౌడ్ వైపు నుంచి ఇఫ్ఫత్ ఫోన్ చేసి, దారి కలిసింది సార్ అంది. నర్సింహులు గారు భుజం తట్టి ఇడ్లీ తెప్పించారు.

అలవాటు కొద్దీ లైట్లు వెలుగుతున్నాయా అని చూశాను. చూడ్డానికి ఏమీ లేదు. అంత పని చేశాక తలుపు మూసి రావడానికి తలుపు కూడా లేకపోతే ఏదో వెలితి. అయినా చేసింది నేనే.

అరుణకి చెప్పాను, వర్చువల్ అని భయపెడతారు గానీ ఏమీ లేదని. హాల్లో మంచం వేశారా అంది.

జూలై 3, ఆదివారం

సెంటర్‌కి కొత్త సర్వర్ వచ్చింది. పాత దానికంటే బాగా వేగం. ఫైర్‌వాల్‌ని దాని మీదికి మార్చాలి. ఇఫ్ఫత్‌కి ఫోన్ చేద్దామా అనుకున్నాను. రంజాన్ ఆఖరి రోజులు, బజారు పనులుంటాయి, ఎందుకు ఇబ్బంది పెట్టడం.

వర్చువల్‌లో ఒక గొప్ప సుఖం ఉంది. మొత్తం ఫైర్‌వాల్‌ని ఫోటో కాపీ తీసినట్టు తీయచ్చు. తీశాను. కాపీని కొత్త సర్వర్‌లో ఆన్ చేశాను, పాతదాన్ని ఆపేశాను. రూల్స్ అన్నీ అలాగే వచ్చాయి. పని అయిపోయాక ఇంటికొచ్చి నిద్రపోయాను. ఇంత తేలికైన దానికి రెండు నెలల కోర్సు ఎందుకో.

జూలై 4

ఈరోజు రాయను.

జూలై 5, మంగళవారం

రాస్తాను.

నిన్న ఏడింటికి నర్సింహులు ఫోన్. కంప్యూటర్లు నడుస్తున్నట్టే ఉన్నాయి, కానీ ఒకరి పేరు ఎక్కిస్తే ఇంకొకరిది ఎక్కడం లేదట. ఉన్న ముగ్గురు విద్యార్థులకీ సెలవిచ్చి పంజాగుట్ట వెళ్లాను.

సోమవారం పొద్దున్న అక్కడ ఎలా ఉంటుందో నాకు తెలియదు. షుగర్ పరీక్షకి పరగడుపున రమ్మంటారు కదా, హాలు నిండా ఏమీ తినకుండా వచ్చిన జనం. పేరు కంప్యూటర్‌లో ఎక్కితే గానీ రక్తం తీయరు. పేర్లు ఎక్కడం లేదు. ఒక్కొక్కళ్ల మొహాలూ వాడిపోయి ఉన్నాయి.

మెట్రో వాళ్లు కేబుల్ తెంపి ఉంటారని చెప్పాను. ఇంటర్నెట్ వాళ్లకి ఫోన్ చేశాను. మా వైపు అంతా బాగానే ఉంది అన్నారు. నమ్మలేదు. సర్వర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. అప్పుడు తెర మీద మూలన చిన్న అక్షరాలు కనిపించాయి, లైసెన్స్ లేదు అని. లైసెన్స్ లేని ఫైర్‌వాల్ మొత్తం ఆగిపోదు. ఓ కొద్దిమందిని మాత్రమే లోపలికి వదులుతుంది. ఆదివారం సెంటర్ ఖాళీ కాబట్టి నాకు తెలియలేదు. సోమవారం జనం వచ్చేసరికి దారి ఇరుకై పని ఆగిపోయింది.

కంపెనీ సపోర్ట్‌కి ఫోన్ చేస్తే సీరియల్ నంబర్ చెప్పమన్నారు. రాస్తే నవ్వుగా ఉంది గానీ, స్టిక్కర్ కోసం సర్వర్ వెనక్కి వెళ్లాను.

ఫోన్‌లో ఇఫ్ఫత్ పేరు తీసి పెట్టుకున్నాను. నొక్కలేదు. తెల్లవారకముందు సహరీ తిండికి లేచి మళ్లీ పడుకుని ఉంటుంది, నిద్ర పాడుచేయడం ఎందుకనుకున్నాను. ఇంకోసారి రీస్టార్ట్ చేద్దామనుకున్నాను. చేశాను. మళ్లీ చేశాను.

ముందు వరసలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు చిలకమ్మ, బల్కంపేట నుంచి ఒక్కతే వచ్చింది. నేను అటూ ఇటూ తిరుగుతుంటే పిలిచి, "బిడ్డా, సూది గుచ్చుతరా, ఇంటికి పోయి ఇంత గంజి తాగాల్నా? ఏదో ఒకటి చెప్పు" అంది.

ఐదు నిమిషాలమ్మా అన్నాను. తర్వాత కూడా అదే అన్నాను. ఆ తర్వాత ఆవిడ అడగలేదు. కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయింది.

నర్సు పరిగెత్తుకొచ్చి గ్లూకోజ్ నీళ్లు పట్టింది. కాసేపటికి పెద్దావిడ కళ్లు తెరిచింది. అప్పుడు నొక్కాను ఇఫ్ఫత్ నంబర్.

నిద్రపోవడం లేదు ఆమె. మొదటి రింగ్‌కే ఎత్తింది.

ఆటోలో వచ్చింది. వస్తూనే కంప్యూటర్ ముందు కూర్చుంది. కూర్చున్న వాళ్లే దొంగ అనుకున్నాడేమో, నర్సింహులు ఆమె మీదికి వెళ్లాడు. "ఏందమ్మా గిది? వర్చువల్, వర్చువల్ అని మీరు చెప్పబట్టే గదా గీ లొల్లి? ముసలామె పాణం మీదికొచ్చింది." ఇఫ్ఫత్ తెర మీంచి కళ్లు తీయలేదు. నా వైపు కూడా చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"ఆమె కాదండీ" అన్నాను. "కాపీ చేసింది నేను. ఆమెకి చెప్పకుండా చేశాను. లైసెన్స్ లేదని కనిపించాక కూడా, ఆ పెద్దావిడ పడిపోయే దాకా ఫోన్ చేయలేదు."

హాలంతా విన్నారు. నర్సింహులు ఆమె కుర్చీ దగ్గర నుంచి వెనక్కి జరిగాడు.

ఇఫ్ఫత్ మెల్లగా అడిగింది. "సార్, పాతదాన్ని డిలీట్ చేసిండ్రా?"

లేదు. ఆపానంతే. తీసెయ్యబుద్ధి కాలేదు. మా ఇంట్లో అటక మీద పనిచేయని రౌటర్లు ఎన్ని ఉన్నాయో అరుణని అడిగితే చెబుతుంది. ఏదీ పారేయలేని మనిషిని. ఆ మాట వినగానే ఆ పిల్ల మొహంలోకి ప్రాణం వచ్చింది. కాపీని ఆపింది, పాత సర్వర్‌లోని అసలు దాన్ని లేపింది. లైసెన్స్ తిరిగొచ్చింది. పేర్లు ఎక్కడం మొదలైంది.

ఆమె చెప్పింది ఇది: పెట్టె ఉన్న ఫైర్‌వాల్‌కి వెనక నంబర్ గుర్తు. పెట్టె లేని దానికి, అది పుట్టినప్పుడు సర్వర్ ఇచ్చిన గుర్తే గుర్తు. లైసెన్స్ ఆ గుర్తుకి ముడిపడి ఉంటుంది. కాపీ తీస్తే కొత్త గుర్తు పడుతుంది. "మొకం అదే సార్, మనిషి వేరే. లైసెన్స్ గుర్తుపట్టది." కొత్త సర్వర్ మీదికి మార్చాలంటే ముందు పాత దాని నుంచి లైసెన్స్ విడిపించి, తర్వాత కొత్త దానికి కట్టాలి.

ఇది ఆమె జూన్ 17న చెప్పిన పాఠమట. నేను బజ్జీలు తింటున్న రోజు.

జూలై 6

గ్లూకోజ్ తాగించాక ఇక షుగర్ పరీక్ష దేనికి? చిలకమ్మ మళ్లీ పరగడుపున రావాలి. అందుకని పొద్దున్నే ఆటో మాట్లాడుకుని బల్కంపేట వెళ్లాను. ఎల్లమ్మ కల్యాణానికి బారికేడ్లు కట్టేశారు, సందులన్నీ తిరిగి ఇల్లు పట్టుకోవాల్సి వచ్చింది.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మిషిన్ ఖరాబు చేసినోడివి నువ్వే గదా" అంది. అవునన్నాను. "మరి ఇయ్యాల మంచిగున్నదా?" అంది. ఇఫ్ఫత్ చూసిందని చెప్పాను. అయితే పోదాం పట్టు అని ఆటో ఎక్కింది. రక్తం తీసే దాకా పక్కనే కూర్చున్నాను. తర్వాత ఇద్దరం ఇడ్లీ తిన్నాం. నాకంటే ఎక్కువ తింది. హాయిగా అనిపించింది.

జూలై 7, గురువారం, రంజాన్ పండగ

ఇఫ్ఫత్ రమ్మంది. వెళ్లకూడదనుకున్నాను, మొహం చెల్లక. అరుణ అప్పటికే చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

వాళ్లమ్మ ఇక్బాల్ బేగం గారు మోకాళ్లు పట్టుకుంటూనే లేచొచ్చి షీర్ ఖుర్మా ఇచ్చారు. కులాసాగా మాట్లాడతారు. మాటల్లో అరుణతో, "మా ఇఫ్ఫత్ క్లాస్‌ల ఒక పెద్దమనిషి వెనక బెంచీ మీద కూర్చుంటడట అమ్మా. ప్రొజెక్టర్ రిపేర్ చేసెటాయన. ఎన్నిరోజులైనా ఆ ప్రొజెక్టర్ మంచిగైతలేదట" అన్నారు.

ఇఫ్ఫత్ వంటింట్లోకి వెళ్లిపోయింది. అరుణ నా వైపు చూసింది. షీర్ ఖుర్మా చాలా బాగుంది.

తిరిగొచ్చేటప్పుడు అరుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఎర్రమంజిల్ దాటాక ఆటోలో ఒక్కతే నవ్వడం మొదలుపెట్టింది. ఇల్లు చేరే దాకా ఆపలేదు.

జూలై 11

ఈసారి షంషేర్ భాయ్ నా గదికి వచ్చాడు. కూర్చున్నాడు. చాలాసేపు వాన గురించి మాట్లాడాడు. అప్పుడే అర్థమైంది. నా ఏడింటి బ్యాచ్ ఆపేస్తున్నాడు. సెంటర్‌లో జరిగిన దానికి కాదు సార్, ఖుదా కసమ్, పోరగాళ్లు లేరు అన్నాడు. నిజమే చెప్పాడు. నిజం కాకపోతే కోపమైనా తెచ్చుకునేవాణ్ణి.

మీకు దిల్ ఉంటే వర్చువల్ నేర్చుకుని రెండో బ్యాచ్ చెప్పుండ్రి, జాగా మీదే అన్నాడు. ఆలోచిస్తానన్నాను.

యాభై రెండేళ్ల వయసు. ఎవరి దగ్గర నేర్చుకుంటాను?

జూలై 12

ఇంట్లోనే ఉన్నాను. ఒంట్లో బాగాలేదు.

జూలై 13

బాగాలేదు.

జూలై 14

అరుణ థర్మామీటర్ పెట్టింది. ఏమీ లేదు. థర్మామీటర్ పాతది.

జూలై 15

పుస్తకం చూసి సొంతంగా నేర్చుకుందామని కూర్చున్నాను. మొదటి అధ్యాయం తేలిక. రెండోది కూడా తేలికే, అర్థం కాలేదంతే.

అరుణ పక్కన కూర్చుంది. ఎప్పుడూ నన్ను ఆటపట్టించే మనిషి, ఈరోజు నవ్వలేదు. "నాకు కారు నేర్పించింది మీరే. గేర్ వేయడం రాక బేగంపేట రోడ్డు మీద ఏడిస్తే ఏమన్నారో గుర్తుందా?"

గుర్తులేదన్నాను.

"వెనకాల హారన్ కొట్టే వాళ్లెవరూ రేపు మన ఇంటికి రారు, నెమ్మదిగా వెయ్యి అన్నారు."

మంచి మాటే. నేనే అన్నానా?

జూలై 18, సోమవారం

ఆఫీస్‌లో ఇఫ్ఫత్ కొత్త బ్యాచ్‌కి నా పేరు విద్యార్థిగా రాయించాను. కుర్రాడు కంప్యూటర్‌లో కొడుతూ, డిగ్రీ పాసైన సంవత్సరం అడిగాడు. చెప్పాను. అది ఎక్కడం లేదు సార్, లిస్ట్‌లో అంత వెనక్కి లేదు అన్నాడు.

ఈసారి వెనక బెంచీ కాదు. రెండో వరసలో కూర్చున్నాను. పక్కన సారయ్య అని వరంగల్ వైపు కుర్రాడు. నన్ను చూసి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారా సార్ అన్నాడు. చదువుకోవడానికి అన్నాను. నమ్మలేదు. అయినా పెన్ లేదంటే ఇచ్చాడు.

జూలై 20

ఈరోజు క్లౌడ్‌లో దారుల పాఠం. లోపలికి వచ్చిన సమాచారం ఒక ఫైర్‌వాల్ గుండా వచ్చి, తిరిగి పోయేటప్పుడు వేరే ఫైర్‌వాల్ గుండా పోతే, ఆ రెండోది నువ్వెవరో నాకు తెలియదని ఆపేస్తుందట. అలా జరగకుండా ఏం చేయాలో ఇఫ్ఫత్ చెప్పింది. బొమ్మ గీసింది. అర్థమైందా అంది. గదంతా తలలు ఊపారు. నేనూ ఊపాను. ఊపుతూనే ఉన్నాను, మెడ ఆగడం లేదు.

పదహారేళ్లు ఆ బోర్డు పక్కన నిలబడి అర్థమైందా అని అడిగాను. ఊపిన తలలన్నీ నిజమనుకున్నాను.

చెయ్యెత్తాను. "మేడమ్, నాకు అర్థం కాలేదు."

ఇఫ్ఫత్ చాక్‌పీస్ పట్టుకుని అలాగే నిలబడింది. నేను పరీక్షించడానికి అడుగుతున్నానేమోనని చూసింది. కాదని తెలిశాక, "ఎక్కడి నుంచి సార్?" అంది.

మొదటి నుంచి అన్నాను.

సారయ్య నా చెవి దగ్గరికి వంగి, "నాకు సుత సమజ్ కాలేదు సార్, అడుగుదామంటే ఇజ్జత్ కా సవాల్" అన్నాడు. వాడు కూడా చెయ్యెత్తాడు. తర్వాత ఇంకెవరో. చూస్తుండగానే సగం గది.

ఇఫ్ఫత్ బోర్డు తుడిచేసి మళ్లీ మొదలుపెట్టింది. రెండోసారి ఆమె ఇంకా బాగా చెప్పింది.

జూలై 22

లైసెన్స్‌ల పాఠం. బజ్జీలకి వెళ్లలేదు.

ఆగస్టు 1

నర్సింహులు దగ్గరికి వెళ్లి లైసెన్స్ విడిపించి, కొత్త సర్వర్ మీద కట్టాను. ఇఫ్ఫత్ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది, కీబోర్డు ముట్టుకోలేదు. అయిపోయాక నర్సింహులు అనుమానంగా, "సోమవారం సుత నడుస్తదా సార్?" అన్నాడు. సోమవారమే ఈరోజు, నిండుగా జనం ఉన్నారు, చూడండి అన్నాను. వెళ్లి హాలు చూసొచ్చి చాయ్ చెప్పాడు.

ఆగస్టు 8

ఇక్బాల్ బేగం గారికి మోకాలి ఆపరేషన్. ఇఫ్ఫత్ ఆసుపత్రిలోనే ఉండాలి. వచ్చే దాకా క్లాసు మీరు చెప్పండి సార్ అంది. షంషేర్ భాయ్ సరేనన్నాడు. నాకు ఫికర్ లేదు అన్నాను ఇద్దరితోనూ.

పొద్దున్న లేచి చొక్కా తిరగేసి తొడుక్కున్నాను. అరుణ చూసి సరిచేసింది.

ఆగస్టు 10

నాలుగో వరస దాకా కూర్చున్నారు. బాగా జరిగింది అనే రాయబోయాను. జరిగింది ఇది.

క్లౌడ్‌లో రద్దీ పెరిగితే ఫైర్‌వాల్స్ వాటంతటవే ఇంకొన్ని పుడతాయి, రద్దీ తగ్గితే వాటంతటవే పోతాయి అని చెప్పాను. సారయ్య లేచాడు. "సార్, మనం కొన్న లైసెన్స్ పుట్టిన దానికి ఇస్తం. మరి అది పోయేటప్పుడు లైసెన్స్ వాపస్ ఇచ్చి పోతదా, పట్టుకొని పోతదా?"

పాత సూర్యనారాయణ అయితే, అది అడ్వాన్స్‌డ్ కోర్సులో వస్తుంది కూర్చో అనేవాడు. ఆ వాక్యం నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

తెలియదు, కనుక్కుని చెబుతాను అన్నాను. వాడు నిరాశపడలేదు. ప్రశ్న కింద గీత గీసుకుని కూర్చున్నాడు.

క్లాసు అవగానే ఇఫ్ఫత్‌కి ఫోన్ చేశాను. ప్రశ్న ఇంకోసారి చెప్పించుకుంది.

"సార్, నాకు సుత తెల్వది" అంది.

ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఈ మధ్య కాలంలో ఇంత మంచి మాట వినలేదు. బయటికి మాత్రం అయ్యో అన్నాను.

ఆగస్టు 11

పొద్దున క్లాసు అవగానే అరుణ ఇచ్చిన క్యారియర్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. ఇక్బాల్ బేగం గారు కాలు చాపుకుని పడుకుని ఉన్నారు, నొప్పి ఉంది గానీ కబుర్లకి లోటు లేదు. ఇఫ్ఫత్ నేనూ కిటికీ దగ్గర కుర్చీలు వేసుకుని ఆమె ల్యాప్‌టాప్ తెరిచాం. క్లౌడ్‌లో ట్రయల్ లైసెన్స్‌తో ఒక చిన్న ఫైర్‌వాల్ పుట్టించాం. దాన్ని చంపేశాం. లైసెన్స్ వెనక్కి వచ్చిందేమోనని చూశాం.

"వచ్చిందా?" అన్నారు ఇక్బాల్ బేగం గారు మంచం మీద నుంచి.

రాలేదు. పట్టుకుపోయింది. ముందుగా విడిపించమని మనం ఏర్పాటు చేసి పెట్టాలి, అప్పుడే వదిలి వెళుతుంది. ఆ ఏర్పాటు రాయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. నేను రాసింది మొదట పనిచేయలేదు. ఇఫ్ఫత్ రాసింది కూడా పనిచేయలేదు. ఇద్దరివీ కలిపి రాస్తే పనిచేసింది. గట్టిగా చప్పట్లు కొట్టానట, నర్సు వచ్చి ఇది వార్డు అని గుర్తుచేసింది.

రేపు సారయ్యకి చెప్పాలి. చెప్పగానే వాడు అడగబోయే తర్వాతి ప్రశ్న ఏంటో కూడా నాకు తెలుసు: ఆ ఏర్పాటే మధ్యలో చెడిపోతే? జవాబు మాత్రం తెలియదు. పెందలాడే వెళ్లి ముందు వరస కుర్చీలు రెండు బోర్డు పక్కకి జరుపుకోవాలి. అక్కడ వాడూ నేనూ కూర్చుని జవాబు వెతకచ్చు.